గూడెప్పాడ్ కాడ సిగ్నల్

ఆ ఏడు మా ములుగు బస్సుల
ఒక్కటంటే ఒక్కటే ఫోను,
మిర్చి కమీషన్ ఓదేలు సేటుది.
అంగీకి రెండు జేబులున్నా
నడుముకు తోలు సంచి కట్టి అండ్ల పెట్టేటోడు,
తాళ్లెక్కే గౌడు కత్తులపొది కట్టుకున్నట్టు.

నా చేతిల టికెట్ల పెట్టె, వేళ్ల సందున పంచు.
"టికెట్, టికెట్" అనుకుంటనే
మనుషుల మాటలకు చెవు పెట్టేదాన్ని.
సంచిల చిల్లరకన్న అవ్వే ఎక్కువ జమయ్యేవి.

"పిలిచినోడు పైసలు కట్టాలె,
ఎత్తినోడు సుత కట్టాలెనాట!
పెండ్లికి పోయినోడు సదివిస్తడు గని
పిలిచినింటోడు ఎదురు సదివిస్తడా?"
కూరగాయల గంపను కాళ్లకాడికి జరుపుకుంట
యాకమ్మ అడిగితే బస్సంత నవ్వింది.
సేటు నవ్వలే.

గుండె కాడ పెట్టుకుంటే రక్తం మరుగుతదని
పేపర్ల చదివిన భిక్షపతి సారు.
దాని లోపట లెక్కలు చేసే మిషనున్నదని,
గడియారమున్నదని,
తన తోక తనే కొరుక్కొని సచ్చే పామున్నదని
స్టీరింగు మీదికెల్లి తల తిప్పి మరీ చెప్పే పాషా డ్రైవరు.
"ముందుకు చూడు పాషన్నా" అని నేను.

మల్లంపల్లిల మొద్దు, కటాక్షపురంల మొద్దు,
ఆత్మకూరుల సుత మొద్దే.
సేటు కిటికీలకెల్లి చెయ్యి బయటవెట్టి
వాన చినుకు పడతదా అన్నట్టు పట్టేటోడు.
గూడెప్పాడ్ కాడ మాత్రం
అది కుయ్యిమనేది.

ఒకనాడు మాఘం ఎండల
గట్లనే కుయ్యిమన్నది.
సేటు నోటికి రుమాలు అడ్డం పెట్టిండు.
నేను ఆయన పక్క సీటుకే టికెట్ కొడుతున్న.
"మూడొందలెక్కిందా... సరే, సరే" అన్నడు,
ఫోను సంచిల పెట్టిండు,
గుండీ పెట్టిండు,
వెనక్కి తిరిగి పర్వతాలును పలకరించిండు.
"ఏం పటేలా, నీ బస్తాలు లారీల ముందు పోయినయా?
యార్డుల ఇయ్యాల మాల్ మస్తు వడ్డదట,
కాంటా అయ్యేసరికి తెల్లారుతది.
నిన్నటి ధరకు నాకియ్యి,
పైసలు గీడనే."

పర్వతాలు తువ్వాలతోని మొఖం తుడుసుకున్నడు.
పక్కోన్ని చూసిండు. నన్ను సుత చూసిండు.
ఏం అడగలే, ఊకెనే చూసిండు.
నా నోట్లె మూడొందలున్నది.
"అరెపల్లి, అరెపల్లి దిగేటోళ్లున్నరా?"
అని వొర్రిన నేను.
సేటు రోజూ ఎక్కేటోడు,
డిపో మేనేజరుకు దోస్తు,
నా నౌకరి పర్మినెంటు కాకపాయె.
బేరం ములుగు రోడ్డు రాకముందే తెగింది.

ఫోను మంచిదా చెడ్డదా అని
ఆ ఏడంత అందరు ఒక మాట చెప్పిండ్లు.
నన్నెవ్వరు అడగలే.
అడిగినా ఏం చెప్పేదాన్నో.

పెట్టె పోయింది, పంచు పోయింది.
టిమ్మిచ్చిండ్లు, అరచేతిల పట్టే మిషను,
మీట నొక్కితే నాలుక సాపినట్టు టికెట్ వస్తది.
"ఇంక నువ్వెందుకు, ఇదే బస్సెక్కి తిరుగుతది"
అని యాకమ్మ నవ్వింది.
ఆమె బొడ్లె సంచిల సుత ఒక ఫోను,
మిస్‌డ్ కాల్ ఒక్కటే నేర్చుకున్నది.
నా బొటనవేలు ఇప్పటికీ
లేని పంచును నొక్కుతది.

మొన్న గూడెప్పాడ్ కాడ
పర్వతాలు తన ఫోను నా చేతిల పెట్టిండు.
"కండ్లద్దాలు మరిసిన. గిండ్ల ధర వచ్చిందట,
ఇంగ్లీషుల ఉన్నది, జర చూడక్కా."
చూసిన. గొంతు సవరిచ్చుకున్న.
అరెపల్లి అని వొర్రిన గొంతుతోనే
ముందు సీటు కాడికెల్లి ఆఖరు సీటు దాక ఇనవడేటట్టు
రేటు మొత్తం సదివిన,
ఇంకోపారి సుత సదువవోతున్న.

పర్వతాలు నా మోచెయ్యి పట్టుకున్నడు.
"మెల్లగక్కా," అన్నడు,
"అందరింటరు."